మిల్లు మూతపడుతోంది, కలెక్టరేట్‌లో టాస్క్‌ఫోర్స్ వేశారు. మీటింగ్‌లో ఏం అడగాలి?

మిల్లుకాలనీ (సోమవారం, రాత్రి 9:42)

అందరికీ నమస్తే. మా నాన్న ఒక స్పిన్నింగ్ మిల్లులో 27 ఏళ్లుగా రింగ్‌ఫ్రేమ్ (నూలు వడికే మెషీన్) మీద పనిచేస్తున్నాడు. మిల్లు పేరు, జిల్లా పేరు చెప్పను, ఇంకా లెక్కలు తేలాల్సి ఉంది. రెండు నెలలుగా లే-ఆఫ్, అంటే పని లేదని తాత్కాలికంగా ఇంటికి పంపేశారు. పోయిన వారం గేటుకు క్లోజర్ నోటీసు అంటించారు. పర్మనెంటు వాళ్లు 240 మంది, కాంట్రాక్టు వాళ్లు ఇంకో వంద దాకా ఉంటారు.

పేపర్లో వచ్చాక కలెక్టరేట్‌లో టాస్క్‌ఫోర్స్ అని ఒకటి వేశారు. జాయింట్ కలెక్టర్, పరిశ్రమల శాఖ జీఎం, లేబర్ ఆఫీసర్, లీడ్ బ్యాంక్ మేనేజర్ ఉన్నారు. కార్మికుల తరఫున ఐదుగురిని శుక్రవారం రమ్మన్నారు. అందులో నాన్న ఒకడు. నాన్న నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అందుకే హైదరాబాద్ నుంచి వెళ్లి నేను కూడా పక్కన కూర్చుంటా.

"మిల్లు తెరిపించండి అని ఒక వినతిపత్రం ఇచ్చి వస్తే సరిపోతుంది" అంటున్నారు యూనియన్ వాళ్లు. నాకెందుకో అది చాలదనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఉచితసలహా (సోమవారం, రాత్రి 9:58)

కమిటీ వేశారంటే ఆ పని అటకెక్కినట్టే తమ్ముడూ. టీ, సమోసా, గ్రూప్ ఫొటో. ఫొటోలో నాన్నగారిని ముందు వరసలో నిలబెట్టు, అదొక్కటే మిగిలేది.

చెరకుతోట (సోమవారం, రాత్రి 10:31)

వెటకారం పక్కన పెడితే ఆయన మాటలో సగం నిజం ఉంది. మాది నిజామాబాద్ వైపు. నిజాం షుగర్స్ కథ చూడు. 1937లో నిజాం ప్రభుత్వం బోధన్‌లో పెట్టింది. ఆ ఫ్యాక్టరీ పేరుమీదే శక్కర్‌నగర్ అని ఒక ఊరే లేచింది. 2002లో 51 శాతం ప్రైవేటుకు ఇచ్చి 49 శాతం ప్రభుత్వం ఉంచుకుంది. దాని మీద శాసనసభ హౌస్ కమిటీ వేశారు. 2015లో రైతుల సహకార సంఘానికి అప్పగిద్దామన్నారు, మహారాష్ట్రలో సహకార ఫ్యాక్టరీలు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని రైతులను బస్సులెక్కించారు. అదే ఏడాది డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు యూనిట్లూ మూతపడ్డాయి. 2019లో ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చడానికి, ఆదేశించింది. 2024 జనవరిలో మళ్లీ ఇంకో కమిటీ, మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన.

ఇన్ని కమిటీల్లో ప్రతిదాని ముందూ ఒకటే ప్రశ్న పెట్టారు: ఫ్యాక్టరీ ఎవరు నడపాలి? ఈలోపు చెరకు రైతు ఏం చేశాడు? చెరకు కోశాక నిలవుండదు, రోజు ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, రికవరీ (చెరకు నుంచి వచ్చే చక్కెర శాతం) పడిపోతుంది. దూరం ఫ్యాక్టరీకి లారీ కిరాయి పెట్టుకుని కొన్నాళ్లు తోలాడు, తర్వాత వరికి మారిపోయాడు. ఇప్పుడు రేపే గేటు తెరిచినా క్రషింగ్‌కు చెరకు కావాలంటే ముందు రైతును వరి మాన్పించాలి. అది కమిటీ తీర్మానంతో అయ్యే పనేనా?

పాతలెడ్జరు (సోమవారం, రాత్రి 11:15)

నేను బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను, అందులో చాలాకాలం మునిగిన ఖాతాలతోనే గడిచింది. తెరుచుకున్న మిల్లులు కూడా ఉన్నాయి, అవి ఎలా తెరుచుకున్నాయో చెప్తాను.

సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబర్‌లో ఆగింది. కాగజ్‌నగర్ అనే పేరే మిల్లు వల్ల వచ్చింది, అంతకుముందు ఆ ఊరు కొత్తపేట. అది ఎన్‌సీఎల్‌టీకి వెళ్లి, 2018లో జేకే పేపర్ సుమారు 371 కోట్ల ప్రణాళికతో తీసుకుంది. రాష్ట్ర ప్రభుత్వం కూడా పన్ను తిరిగి చెల్లింపు, కలప మీద, కరెంటు మీద రాయితీలు పదేళ్లపాటు ఇస్తానని ఒప్పుకుంది. ఇవి లేకుండా కొనేవాడు ముందుకు రాడు. మిల్లు తెరుచుకుంది, సంతోషమే. కానీ పాత పర్మనెంటు వాళ్లందరికీ పాత ఉద్యోగాలు రాలేదు. నాలుగేళ్లు గేటు బయట ఉన్న మనిషి, తెరిచిన రోజున లోపలి మనిషి కాలేడు.

రామగుండం ఇంకా విచిత్రం. ఎఫ్‌సీఐ (ఫర్టిలైజర్ కార్పొరేషన్) ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది, అది బొగ్గుతో నడిచేది. అదే చోట గ్యాస్‌తో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ అనే కొత్త ప్లాంటు 2021లో యూరియా తీసింది. ప్లాంటు బతికినట్టే లెక్క. 1999లో నలభై ఏళ్లున్న మనిషికి 2021 నాటికి అరవై రెండు.

కాబట్టి బాబూ, "తెరిపించండి" అని తప్పకుండా అడగండి. దాని పక్కనే "తెరిచేలోపు మేం ఎలా బతకాలి" అని కూడా అడగండి. రెండు కాగితాలుగా ఇవ్వండి. ఒకే కాగితం మీద రాస్తే మొదటిదానికి జవాబు వచ్చాకే రెండోది చూస్తారు.

ఉచితసలహా (సోమవారం, రాత్రి 11:29)

సార్ రెండు కాగితాల ఐడియా బాగుంది. ఒప్పుకుంటున్నా.

కానీ ఒక మాట. నడవని మిల్లును జనం డబ్బుతో లేపడం ఎందుకు? ఆ పదేళ్ల రాయితీ నా జేబులోంచి, మీ జేబులోంచే కదా పోయేది. బాగా నడిచే చోటికి మనుషులు వెళ్తారు. నేనూ ఊరొదిలి వచ్చినవాడినే.

గేటుముందుహోటల్ (మంగళవారం, ఉదయం 6:10)

ఊరొదిలి వెళ్లడం గురించి నేను చెప్తా. మాది ఒక మిల్లు ముందు చిన్న హోటల్, పేరు వద్దు. పొద్దున ఆరు షిఫ్టుకు నాలుగు వందల ఇడ్లీ పోయేది. జీతాల రోజు దాకా బాకీ పుస్తకం, ఏడో తారీకు వచ్చి కట్టేవాళ్లు. మిల్లు ఆగిన నెల ఏడో తారీకు ఒక్కడూ రాలేదు. సిగ్గుపడి అటువైపు రోడ్డు మీద నుంచి వెళ్లేవాళ్లు. నేనే పిలిచి టీ ఇచ్చేవాడిని.

పాతికేళ్ల కుర్రాళ్లు సూరత్, తిరుపూర్ పోయారు. యాభై దాటినవాళ్లు ఎక్కడికి పోతారు? ఇద్దరు వాచ్‌మెన్లయ్యారు, ఒకాయన మా హోటల్లోనే గిన్నెలు కడిగాడు, ఆయన మిల్లులో ఫిట్టరు. ఆ పుస్తకం ఇంకా ఉంది నా దగ్గర. మొత్తం 61 వేల చిల్లర. వసూలు చేయాలని కాదు, పారేయబుద్ధి కాలేదు.

ఏ కమిటీ వచ్చినా మిల్లు లోపల మెషీన్లు లెక్కపెట్టి వెళ్లింది. మా హోటల్, పక్కన సైకిల్ షాపు, టైలరు, ఇద్దరు ఆటోవాళ్లు. మా లెక్క ఎవరూ రాసుకోలేదు.

ఉచితసలహా (మంగళవారం, ఉదయం 7:02)

అన్నా, పొద్దున్నే నోరు మూయించావు.

సెక్షన్25 (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

నేను విజయవాడలో లేబర్ కేసులు చూస్తాను. మిల్లుకాలనీ గారూ, శుక్రవారం లోపు మీరు చేయాల్సిన మొదటి పని ఏ కోరికా రాయడం కాదు, ఆ క్లోజర్ నోటీసు మొత్తం ఫొటో తీసి, ఏ కారణంతో మూస్తున్నారని రాశారో చదవడం. ఎందుకంటే:

మూసేటప్పుడు ప్రతి పూర్తి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. నాన్నగారికి నెలకు 19 వేలు అనుకుంటే, 27 ఏళ్లకు రెండున్నర లక్షల పైచిలుకు. కానీ యజమాని చేతిలో లేని అనివార్య పరిస్థితుల వల్ల మూస్తున్నామని రాస్తే, పరిహారం మూడు నెలల సగటు వేతనం దాటనక్కర్లేదు. అంటే 57 వేలు. ఒక్క వాక్యం తేడా. అయితే నష్టాలు వచ్చాయి, సరుకు అమ్ముడుపోక పేరుకుంది అనేవి అనివార్య పరిస్థితుల కింద రావని చట్టంలోనే వివరణ ఉంది. గ్రాట్యుటీ దీనితో సంబంధం లేకుండా వేరే రావాలి. రెండూ కలిపి "మొత్తం సెటిల్‌మెంట్" అని ఒక అంకె చెప్తే ఒప్పుకోకండి.

ఇక అనుమతి సంగతి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో వంద మంది ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 2025 నవంబర్ 21న ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అమల్లోకి వచ్చింది, ఆ వంద మూడు వందలైంది. మీరు చెప్పిన 240తో మీ మిల్లు గీతకు కింద ఉంటుంది, వాళ్లకు అరవై రోజుల నోటీసు చాలు. అందుకే కాంట్రాక్టు వాళ్ల హాజరు రిజిస్టర్ ముఖ్యం. పేరుకు కాంట్రాక్టు అయినా మిల్లు సూపర్‌వైజరే పని చెప్పి చేయించుకున్నట్టు చూపగలిగితే, అంకె మూడు వందలు దాటిందని వాదించే చోటు ఉంటుంది. ఇది టాస్క్‌ఫోర్స్ తేల్చేది కాదు, కానీ లేబర్ ఆఫీసర్ అక్కడే కూర్చుని ఉంటారు కాబట్టి రిజిస్టర్లు స్వాధీనం చేసుకోమని అందరి ముందూ అడగండి.

మిల్లుకాలనీ (మంగళవారం, రాత్రి 8:47)

మేడమ్, నోటీసు ఫొటో తెప్పించా. "మార్కెట్ పరిస్థితులు, విద్యుత్ చార్జీలు తదితర అనివార్య కారణాల వల్ల" అని ఉంది. చదివి చేతులు చల్లబడ్డాయి. నాన్నకు ఇంకా చెప్పలేదు.

సెక్షన్25 (మంగళవారం, రాత్రి 9:05)

ఊహించాను. టెన్షన్ పడకండి, వాళ్లు రాసినంత మాత్రాన అది అనివార్యం అయిపోదు. ఆ వాక్యం కింద గీత గీసి జిరాక్స్ తీసుకెళ్లండి.

ఇంకొకటి, ఈఎస్‌ఐ ఉందా? మూసివేత వల్ల ఉద్యోగం పోతే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద నిరుద్యోగ భృతి ఉంది. మొదటి ఏడాది వేతనంలో సగం, రెండో ఏడాది పావు వంతు, ఆ కాలంలో కుటుంబానికి వైద్యం కూడా. కనీసం రెండేళ్ల చందా కట్టి ఉండాలి. ఈ పథకం 2005 నుంచి ఉంది. నేను చూసిన మూతపడ్డ మిల్లుల్లో పదిమందిలో ఒకరికైనా తెలియదు. లే-ఆఫ్‌కు ఇది వర్తించదు, అందుకే మూసివేత తేదీ కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

వేల్స్‌వాసి (బుధవారం, తెల్లవారుజాము 3:30)

నేను దక్షిణ వేల్స్‌లో ఉంటాను, పోర్ట్ టాల్బట్‌కు కారులో అరగంట. అక్కడి టాటా స్టీల్ సంగతి మీలో చాలామంది వార్తల్లో చూసే ఉంటారు. టాటా అనగానే ఇక్కడి మన వాళ్లను అందరూ అదేదో మేమే మూసినట్టు అడిగేవాళ్లు, అది వేరే కథ.

రెండు బ్లాస్ట్ ఫర్నేసుల్లో (ఇనుము కరిగించే కొలిముల్లో) ఒకటి 2024 జులైలో, రెండోది సెప్టెంబర్ 30న ఆపేశారు. బ్రిటన్ మొత్తం మీద 2,800 ఉద్యోగాల దాకా పోతాయని ప్రకటించారు. నేను చెప్పదలచుకున్నది తేదీల గురించి. ట్రాన్సిషన్ బోర్డు అని ఒకటి 2023లోనే వేశారు, అంటే ఫర్నేసు ఆరడానికి ఏడాది ముందు. 100 మిలియన్ పౌండ్లు, అందులో 80 ప్రభుత్వానివి, 20 టాటావి. ఫర్నేసును నిలబెట్టడం ఆ బోర్డు పని కాదు, దాని మీద పోట్లాట యూనియన్లు వేరే చేశాయి. ఉద్యోగం పోయేవాళ్లకు కొత్త పని నేర్పడం, ఫ్యాక్టరీకి సరుకు వేసే చిన్న కంపెనీలను వేరే గిరాకీ వైపు తిప్పడం, సొంతంగా ఏదైనా పెట్టుకునేవాళ్లకు సాయం, ఇవీ పనులు. హోటల్ అన్న చెప్పిన సైకిల్ షాపు లెక్క ఇదే.

అంతా బాగుందని కాదు. డబ్బు మెల్లగా కదిలిందని ఊళ్లో తిట్టుకున్నారు. వాటి బదులు వచ్చే ఎలక్ట్రిక్ ఫర్నేసుకు అంత మంది అక్కర్లేదు, ఆ ఉద్యోగాల్లో చాలావరకు తిరిగి రావు.

పాతలెడ్జరు (బుధవారం, ఉదయం 10:12)

బ్రిటన్ మాట వచ్చింది కాబట్టి లాంగ్‌బ్రిడ్జ్ గుర్తొచ్చింది. బర్మింగ్‌హామ్ దగ్గర రోవర్ కార్ల ఫ్యాక్టరీ. 2000లో బీఎండబ్ల్యూ వదిలించుకుంటానన్నప్పుడు ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు. ఫ్యాక్టరీ అప్పటికి బతికింది. అయినా టాస్క్‌ఫోర్స్ ఊరుకోకుండా, రోవర్ ఒక్కదాని మీదే ఆధారపడ్డ విడిభాగాల కంపెనీలను వేరే ఆర్డర్లు వెతుక్కోమని సాయం చేసింది. 2005 ఏప్రిల్‌లో ఎంజీ రోవర్ నిజంగానే కూలి ఆరు వేల మంది రోడ్డున పడ్డారు. కానీ చుట్టుపక్కల కంపెనీలు భయపడ్డంతగా కూలలేదు. కార్మికుల్లో ఎక్కువమందికి తర్వాత పని దొరికింది, చాలామందికి జీతం తగ్గింది.

మన దగ్గర కూడా ప్రయత్నాలు లేకపోలేదు. 1992లో కేంద్రం నేషనల్ రెన్యువల్ ఫండ్ అని పెట్టింది. కార్మికులకు కొత్త పని నేర్పుతామన్నారు. డబ్బులో ఎక్కువ భాగం వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద విరమణ) చెక్కులకే పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్ అని ఉండేది, బ్రిటన్ సాయంతో నడిచింది. ప్రభుత్వ సంస్థలను అమ్మడం, మూయడం దాని పని, వెళ్లిపోయినవాళ్లకు శిక్షణ కూడా పెట్టారు. మా బ్రాంచికి అలాంటి శిక్షణ సర్టిఫికెట్ పట్టుకుని లోన్ కోసం ఒకాయన వచ్చాడు. యాభై మూడేళ్లు, కంప్యూటర్ కోర్సు. ఏం చేస్తారండీ దీంతో అంటే, "మీరే చెప్పాలి సార్" అన్నాడు. నేను లోన్ ఇవ్వలేదు. ఇవ్వకపోవడం సరైనదే, కానీ ఆ మనిషి మొహం గుర్తుంది.

చెరకుతోట (బుధవారం, మధ్యాహ్నం 12:40)

అసలు ఏ పార్టీ హయాంలో ఎన్ని మూతపడ్డాయో లెక్క తీస్తే...

నిర్వాహకుడు (బుధవారం, మధ్యాహ్నం 12:55)

దీని కింద వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాం. పార్టీల పంచాయితీకి వేరే విభాగం ఉంది. ఇక్కడ ఒకతనికి శుక్రవారం మీటింగ్ ఉంది.

మిల్లుకాలనీ (బుధవారం, రాత్రి 10:18)

ఊరొచ్చా. కొత్త చిక్కు. నాన్న పీఎఫ్ కాగితాలన్నీ తీశాం. పీఎఫ్ రికార్డులో "వి. రావు" అని, ఆధార్‌లో పూర్తి పేరు. పుట్టిన సంవత్సరం మిల్లు రికార్డులో 1971, ఆధార్‌లో 1973. దిద్దించుకోవాలంటే జాయింట్ డిక్లరేషన్ (కార్మికుడు, యజమాని కలిసి ఇచ్చే దిద్దుబాటు ఫారం) మీద మిల్లు సంతకం కావాలట. ఆఫీసుకు వెళ్తే క్లర్కు ఒక్కడే ఉన్నాడు, సంతకం పెట్టే అధికారి రావడం మానేశాడు. ఇరవై ఏడేళ్లు అదే పేరుతో జీతం ఇచ్చారు, ఇప్పుడు ఆ పేరు ఎవరిదని అడుగుతున్నారు. కాలనీలో అడిగితే కనీసం అరవై మందికి ఇలాంటిదే ఏదో ఒక తేడా ఉంది.

సెక్షన్25 (బుధవారం, రాత్రి 10:44)

శుక్రవారం ఇదే అడగండి. అన్నిటికంటే ముందు ఇది. సంస్థ పూర్తిగా మూతపడ్డాక అయితే గెజిటెడ్ ఆఫీసర్ లాంటి అధీకృత అధికారి సంతకంతో పెట్టుకునే దారి ఉంది, కానీ అది ఒక్కొక్కరూ తిరిగి తిరిగి సాధించుకోవాలి. ఇప్పుడు మిల్లులో ఇంకా యాజమాన్యం ఉంది, నోటీసు గడువు నడుస్తోంది. ఈ అరవై రోజుల్లో సంతకం చేసే అధికారిని వారానికి రెండు రోజులు గేటు దగ్గర కూర్చోబెట్టమనండి, పీఎఫ్, ఈఎస్‌ఐ వాళ్లను కూడా అక్కడికే రప్పించమనండి. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. జాయింట్ కలెక్టర్ ఫోన్ చేస్తే అయ్యే పని.

నాన్నగారు తొందరపడి ఇప్పుడే పింఛనుకు దరఖాస్తు చేయకుండా చూడండి. యాభై దాటితే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు ముందు తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది, ఆ తగ్గింపు జీవితాంతం ఉంటుంది.

పాతలెడ్జరు (గురువారం, ఉదయం 8:30)

లీడ్ బ్యాంక్ మేనేజర్‌ను నేను చెప్పానని కాకుండా మీరే అడగండి: మిల్లు అప్పు ఏ బ్యాంకుది, కేసు ఎన్‌సీఎల్‌టీకి వెళ్తోందా అని. లిక్విడేషన్ దాకా వెళ్తే, దానికి ముందు 24 నెలల కార్మికుల బకాయిలకు తాకట్టు ఉన్న బ్యాంకులతో సమాన స్థానం ఉంటుంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు ఆ అమ్మకం సొమ్ములో కలపకూడదు. కానీ క్లెయిమ్ ఫారం గడువులోపు వేసినవాడికే ఇదంతా. నోటీసు ఒక ఇంగ్లిష్ పేపర్లో, ఒక ప్రాంతీయ భాష పేపర్లో ఏదో మూల వస్తుంది, మిల్లు కాలనీలో ఆ మూల ఎవరు చూస్తారు?

గేటుముందుహోటల్ (గురువారం, ఉదయం 8:41)

కాలనీ క్వార్టర్లకు కరెంటు, నీళ్లు తీయకుండా చూడమని కూడా రాయి తమ్ముడూ. మా దగ్గర మొదట తీసింది అదే.

మిల్లుకాలనీ (శుక్రవారం, రాత్రి 9:20)

వెళ్లొచ్చాం. కొంచెం పొడుగ్గా రాస్తా.

పదకొండుకు అన్నారు, పన్నెండున్నరకు మొదలైంది. ముందు జీఎం గారు కొత్త పాలసీ, పెట్టుబడులు అని ఇరవై నిమిషాలు స్లైడ్లు వేశారు. యూనియన్ నాయకుడు మిల్లు తెరిపించాలని మాట్లాడారు, బాగానే మాట్లాడారు. యాజమాన్యం తరఫున వచ్చినాయన కొనేవాళ్ల కోసం చూస్తున్నామన్నారు.

తర్వాత నాన్నను మాట్లాడమన్నారు. నేను రాసిచ్చిన కాగితం చూడకుండా జేబులోంచి పాత ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఫొటోలో ఇరవై ఐదేళ్ల కుర్రాడు, కింద "వి. రావు". పక్కన ఆధార్ పెట్టాడు. "సార్, ఈ ఇద్దరూ ఒకడేనని ఎవరు రాసిస్తారు?" అన్నాడు. అంతే. ఇంకేం మాట్లాడలేదు. జాయింట్ కలెక్టర్ రెండు కార్డులూ చేతిలోకి తీసుకుని చూశారు. యాజమాన్యం మనిషిని అడిగితే ఆయన నీళ్లు నమిలాడు.

చివరికి తేలింది ఇదీ. వచ్చే వారం నుంచి మంగళ, శనివారాలు గేటు పక్క టైమ్ ఆఫీసులో సంతకాల డెస్కు. పీఎఫ్ వాళ్లకు లెటర్ రాస్తామన్నారు. క్వార్టర్ల కరెంటు నోటీసు గడువు దాకా తీయరు, ఆ తర్వాత సంగతి చెప్పలేదు. "అనివార్య కారణాలు" మీద లేబర్ ఆఫీసర్ వివరణ అడుగుతానన్నారు, కానీ మినిట్స్‌లో ఆ మాట రాయలేదు, నేను రెండుసార్లు అడిగినా. కాంట్రాక్టు వాళ్ల రిజిస్టర్ "పరిశీలిస్తాం". బయట షాపుల గురించి హోటల్ అన్న మాట చెప్పా, అది మా పరిధి కాదన్నారు. బ్యాంకు ఆయన రాలేదు.

ఉచితసలహా (శుక్రవారం, రాత్రి 9:34)

సమోసా పెట్టారా?

మిల్లుకాలనీ (శుక్రవారం, రాత్రి 9:36)

బిస్కెట్లు.

సెక్షన్25 (శుక్రవారం, రాత్రి 9:50)

మినిట్స్‌లో లేని మాటను రేపే మీరు ఉత్తరంగా రాసి, "మీటింగ్‌లో ఇలా అన్నారు" అని స్పీడ్ పోస్టులో పంపండి. ఐదుగురూ సంతకాలు పెట్టండి. రసీదు జాగ్రత్త.

మిల్లుకాలనీ (తర్వాతి మంగళవారం, సాయంత్రం 6:15)

ఉత్తరం శనివారమే పంపాం మేడమ్. ఈ రోజు డెస్కు పెట్టారు. ఉదయం ఏడుకే లైను, రింగ్‌ఫ్రేమ్ వాళ్లు, బ్లోరూమ్ వాళ్లు, పాత షిఫ్టు ఎక్కుతున్నట్టు వచ్చి నిలబడ్డారు. 43 మందివి అయ్యాయి. నాన్న నంబరు 51. శనివారం మళ్లీ రమ్మన్నారు, పదో తరగతి టీసీ దొరికితే తెమ్మన్నారు. ఆ బడి మూతపడి పన్నెండేళ్లయింది. ఎంఈవో ఆఫీసులో పాత రిజిస్టర్లు ఉంటాయంటున్నారు, రేపు వెళ్తున్నా.